వేదాద్రి నుంచి పంపిన సీసాలు

12 నవంబరు 1979, సోమవారం

మా భారతి పేరు జపాను వాళ్ళ పుస్తకంలో పడింది!

ఒక్కసారి కాదు, మూడుసార్లు. అరపేజీ మొత్తం తన సంగతేనట. పోస్టుమాన్ ఏసురత్నం కవరు చేతికివ్వగానే చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చేశా. అరవయ్యెనిమిదేళ్ళొచ్చాయి, ఆ గంతులేమిటయ్యా, పడితే ఎవరు లేపుతారు అని మా ఆవిడ రాఘవమ్మ లోపల్నించి కేకలు. నేను వింటేగా. ఎదురింటి సాంబయ్య గడ్డం గీయించుకుంటూ కూర్చున్నాడు. సగం గడ్డం మీదే వాడికి మొత్తం చెప్పా.

అన్నీ వరసగా రాసిపెట్టుకోవాలి. నేను చదివింది ఐదో తరగతి. మా అమ్మాయి భారతీదేవి హైదరాబాదు లాబ్‌లో సైంటిస్టు. బాక్టీరియా మీద పని. బాక్టీరియా అంటే కంటికి ఆనని పురుగులు, కలరా లాంటివి తెచ్చేవి. ఆ పురుగుల్ని కూడా చంపే ఇంకా చిన్నవి ఉన్నాయి, వాటిని ఫేజులంటారు. రోగం తెచ్చేదానికి కూడా ఒక రోగం వస్తుంది నాన్నా, ఆ రోగమే నా చదువు అని భారతి చెప్పింది. నాకు అది బాగా నచ్చింది. కలరా వాళ్ళింట్లో కూడా మంచం పట్టేవాళ్ళున్నారన్నమాట.

ఆ ఫేజులు మన కృష్ణ నీళ్ళలోనే ఉన్నాయి. మరి ఆ నీళ్ళు పట్టి పంపింది ఎవరు? నేను! డెబ్భై ఐదులో ఏడాది పొడుగునా, నెలకోసారి, ఈ జగ్గయ్యపేట నించి సైకిలు మీద వేదాద్రి వెళ్ళి, సీసా నింపుకొచ్చి, హైదరాబాదు బస్సు కండక్టరు చేతిలో పెట్టా. ఎగువన ముక్త్యాల, దిగువన చెవిటికల్లు. ఆ రెండు ఊళ్ళ సీసాలు లాబ్ అటెండరు ఇశ్రాయేలు వచ్చి పట్టుకెళ్ళేవాడు. తేలిందేమిటంటే, వరద నెలల్లో ముక్త్యాలలో ఫేజులు కుప్పలు. చెవిటికల్లులో కుప్పలు. మధ్యలో మన వేదాద్రిలో పదో వంతు కూడా లేవు. అదే నది, అవే నీళ్ళు. ఎందుకో తెలీదు, అక్కడ ఏదో ఉంది అని భారతి పేపరు రాసింది. ఇప్పుడు ఆ పుస్తకం రాసిన జపాను ఆయన కూడా అంటున్నాడు, అక్కడ ఏదో ఉంది అని.

ఏముంటుంది? నరసింహస్వామి ఉన్నాడు.

18 నవంబరు, ఆదివారం

నందిగామ వెళ్ళొచ్చా. బసవమ్మక్కకి ఉత్తరం రాస్తే ఊరుకోదు, మనిషే వెళ్ళి చెప్పాలి. ఒరే బ్రహ్మయ్యా, పిల్లకి అంత చదువు చెప్పించింది పురుగుల పంచాయితీ చెయ్యడానికట్రా అంది. నవ్వుకున్నాం. వేదాద్రి దగ్గర ఆ పురుగులు మాయమైపోతున్నాయక్కా, స్వామి మహిమ, జపాను దాకా తెలిసిపోయింది అన్నా. అప్పుడు అక్క మంచం మీద లేచి కూర్చుంది. ఈసారి వచ్చేటప్పుడు ఆ నీళ్ళు ఒక బిందెడు తెమ్మంది, మోకాళ్ళకి రాసుకుంటుందట.

ఫేజులు మనకి మేలు చేసేవి నాన్నా, అవి లేకపోతే అందులో మహిమేముంది అని భారతి ఒకసారి నన్ను కసిరింది. ఆ సంగతి అక్క దగ్గర ఎత్తలేదు.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్నాయనకి కూడా చెప్పా. ఆయన చిల్లకల్లులో దిగాల్సినవాడు, వింటూ వింటూ పేట దాకా వచ్చేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు పాపం.

2 డిసెంబరు, ఆదివారం

నిన్న కార్డు వచ్చింది. చెకొస్లోవేకియా. స్టాంపు మీద పిట్ట.

ఈ కార్డుల సంగతి రాయలేదు కదూ. భారతి పేపరు అచ్చయ్యేనాటికి తనకి ఉద్యోగం ఖాయం కాలేదు. అందుకని అడ్రసు మా ఇల్లు ఇచ్చింది. కేరాఫ్ బ్రహ్మయ్య, జగ్గయ్యపేట. అంతే, ఇక ప్రపంచమంతా మా గుమ్మం ముందు నిలబడింది. పోలండు, బ్రెజిలు, కెనడా, ఈజిప్టు. కార్డులన్నిట్లో ఒకటే పాట, మీ పేపరు కాపీ ఒకటి దయచేసి పంపండి అని. వాళ్ళలో అది మామూలేనట. అచ్చయిన కాపీలు వంద భారతి ఇక్కడే పెట్టి వెళ్ళింది. కవర్లో పెట్టడం, అడ్రసు అచ్చం బొమ్మ వేసినట్టు దించడం, పోస్టు చెయ్యడం నా డ్యూటీ. ఒక్కొక్క అడ్రసుకి గంట పడుతుంది. రాఘవమ్మ అన్నం పిసికి బంక చేసి ఇస్తుంది. ఇవాళ్టికి అరవై ఒక్కమందికి పంపా.

మీ ఇంటి స్టాంపులు చూడ్డానికే ఇంకా రిటైరవ్వలేదండీ పెద్దాయనా అంటాడు ఏసురత్నం.

20 జనవరి 1980

భారతి, అల్లుడు భవానీప్రసాద్ వచ్చి వెళ్ళారు. కూర్చోబెట్టి అడిగా, ఎవరో నీ పేరు రాస్తే నీకేమొస్తుందమ్మా అని. భారతి కందులు పోసి చూపించింది. ఒక గింజ తన పేపరు. దాన్ని చదివి పోలండు ఆయన వాళ్ళ నదిలో వంపుల దగ్గర వెతికాడు, ఒక గింజ. బ్రెజిలు ఆవిడ ఒడ్డు రాళ్ళు పొడి చేసి చూసింది, ఒక గింజ. వాళ్ళని చూసి ఇంకొకరు. ప్రతివాళ్ళూ ముందున్నవాళ్ళ పేరు చెప్పే మొదలుపెట్టాలట. చెప్పకపోతే దొంగతనం కింద లెక్కట. పెళ్ళి పత్రికలో తాతల పేర్లు వేసినట్టు ఉంది నాకు. మా భారతికి ముప్ఫై మూడేళ్ళకే మనవలన్నమాట!

రాఘవమ్మ ఆ కందులన్నీ ఏరి డబ్బాలో పోసేసింది. పప్పులోకి కావాలట.

13 జులై, ఆదివారం

నిన్న పిలుపు వచ్చింది! వచ్చే మే నెలలో జపాను వాళ్ళు సభ పెడుతున్నారు. భారతి వెళ్ళి వేదాద్రి సంగతి మాట్లాడాలి. మొత్తం ఇరవైమంది మాట్లాడతారట, అందులో మన దేశం నించి ఒక్కర్తే. అదే ఉత్తరంలో ఇంకో కబురు. తన దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి ప్రమీలారాణిని వరద రోజుల్లో మా ఇంటికి పంపుతుందట. ఒడ్డు రాళ్ళు, బురద, నీళ్ళు అన్నీ పరీక్ష చేసి, వేదాద్రిలో ఫేజుల్ని మింగేదేమిటో తేల్చాలి. అదే ఆ పిల్ల డిగ్రీ.

రానీ. నేను చూపిస్తా రేవులన్నీ.

4 ఆగస్టు, సోమవారం

ప్రమీల వచ్చింది. సన్నగా వెదురుబద్దలా ఉంది. కళ్ళద్దాలు, రెండు ట్రంకుపెట్టెల నిండా సీసాలు. నూజివీడు పిల్ల. తండ్రి లేడు. తల్లి లూర్దమ్మ గారు అక్కడ మిషను ఆస్పత్రిలో ఆయా. నన్ను తాతయ్యగారూ అంటోంది.

మాటల్లో తెలిసింది, తనకి రెండేళ్ళయిందట ఈ పని మీద. పోయిన ఏడాది వరదలప్పుడు ఇశ్రాయేలు తెచ్చిన వేదాద్రి నీళ్ళలో ఫేజులు తగ్గలేదట. పట్టడంలో ఏదో పొరపాటు జరిగిందని భారతి అనుకుంది. అందుకని ఈసారి పిల్లే స్వయంగా వచ్చింది. ఇంకో ఏడాదితో స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. ఈ వరదలో తేలకపోతే ఇంటికి పోవడమే తాతయ్యగారూ అంటూ నవ్వింది. నవ్వే మాటా అది.

రాఘవమ్మ పిల్లకి వసారాలో విస్తరి వేసింది. మేం లోపల తిన్నాం. చూశా. ఏమీ అనలేదు.

7 ఆగస్టు, గురువారం

సాగర్ గేట్లు ఎత్తారు. కొత్త నీరు వచ్చింది. నేనూ ప్రమీలా పొద్దుటి బస్సుకి వేదాద్రి వెళ్ళాం. కృష్ణ ఎర్రగా, చిక్కగా, ఇటుక పిండి కలిపినట్టు పోతోంది. పిల్ల పడవలో కూర్చుని, సీసాకి తాడు కట్టి నీళ్ళలోకి వదిలింది. నిండగానే పైకి లాగి మూత బిగించి చీటీ అంటించింది. అంతే. పెట్టెలో పెట్టేసింది.

అదేమిటమ్మా, నీళ్ళు తేర్చవా అన్నా.

తేర్చడమేమిటి తాతయ్యగారూ అంది.

బురద నీళ్ళు కదమ్మా, చిల్లగింజ వెయ్యవా అన్నా.

పిల్ల పకపకా నవ్వింది. నీళ్ళు తాగడానికా, పరీక్షకి కదండీ, నదిలో ఎట్లా ఉన్నాయో అట్లాగే పోవాలి, ఒక్క చుక్క ఏదైనా కలిస్తే ఇక అది కృష్ణే కాదు అంది.

నాకు కాళ్ళ కింద పడవ కదిలినట్టయింది. కదిలేది పడవే కదా, పిల్ల గమనించలేదు.

ఇప్పుడు రాయక తప్పదు. డెబ్భై ఐదులో ఎండాకాలమంతా నీళ్ళు తేటగా ఉండేవి, రేవులోనే సీసా ముంచి పంపా. ఆషాఢంలో కొత్త నీరు వచ్చింది. ఆ ఎర్ర నీళ్ళు చూసి నాకు సిగ్గేసింది. ఇంత బురద తీసుకెళ్ళి ప్రొఫెసరు గార్ల ముందు పెడితే మన కృష్ణకి పరువేముంటుంది, మా అమ్మాయికి పరువేముంటుంది? ఇంటికి చుట్టమొస్తే బురద నీళ్ళు ఇస్తామా? అందుకని ఇంటికి తెచ్చి తపేలాలో పోశా. రాఘవమ్మ సాన మీద చిల్లగింజ అరగదీసి కలిపింది. గంటలో బురదంతా అడుగుకి దిగింది. పైన అద్దంలాంటి నీళ్ళు. అవి సీసాలో పోసి పంపా. మూడు నెలలూ అట్లాగే పంపా. పంపినప్పుడల్లా గర్వపడ్డా కూడా.

ఆ మూడు నెలలే పేపరులో ఉన్నవి.

8 ఆగస్టు

రాయడానికేమీ లేదు.

9 ఆగస్టు

అడుగుకి దిగింది ఒట్టి బురదేనేమో. ఫేజులు పైనే ఉండి ఉంటాయేమో. నాకేం తెలుసు, ఐదో తరగతి వాణ్ణి.

12 ఆగస్టు, మంగళవారం

అటక మీద నించి పాత డైరీలు దింపా. దగ్గొచ్చింది దుమ్ముకి. 1975, జులై 9: వేదాద్రి నీళ్ళు. బాగా మురికి. రెండు చిల్లగింజలు. తేటపడ్డాయి. మధ్యాన్నం బస్సుకి పంపా. ఆగస్టు 6: ఈసారి మూడు గింజలు పట్టాయి. సెప్టెంబరు 5: రెండు. రాఘవమ్మ వేలు సానకి గీసుకుంది.

నా చేత్తో రాసిందే. ఇంత చక్కగా రాసుకున్నవాణ్ణి అప్పుడే భారతికి ఒక్క ముక్క చెప్పి ఉంటే.

బ్రెజిలు ఆవిడ రాళ్ళు పొడి చేసింది. పోలండు ఆయన వంపులన్నీ తిరిగాడు. నా తపేలా కోసం.

14 ఆగస్టు

చెబితే భారతికి జపాను పోతుంది. చెప్పకపోతే ప్రమీలకి డిగ్రీ పోతుంది. ఒకతె నా కూతురు. ఇంకొకతె నా ఇంట్లో వసారాలో అన్నం తింటున్న పిల్ల.

తూకం వేస్తున్నానంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

17 ఆగస్టు, ఆదివారం

నిన్న భారతి దగ్గర్నించి కార్డు వచ్చింది. ప్రమీల ఈ వారం పంపిన మూడు సీసాల్లోనూ ఫేజులు ముక్త్యాలతో సమానంగా ఉన్నాయట. ఒక్కటీ తగ్గలేదు. చిన్నగా ఒక మాట కూడా రాసింది, ప్రమీలా, సీసాలు కడగడంలో జాగ్రత్త అని.

పిల్ల సాయంత్రం బావి గట్టు మీద కూర్చుని కడిగిన సీసాలే మళ్ళీ కడుగుతోంది. కడుగుతూ ఏడుస్తోంది. రాఘవమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. భారతి మేడం చేతికి వచ్చింది నా చేతికి రావట్లేదు అమ్మమ్మగారూ, కొందరి చేతులు అంతేనేమో, మా అమ్మకి ఏం చెప్పను అందట.

వంటింట్లో దీపం పెట్టి రాఘవమ్మ ఈ మాట నాకు చెప్పింది. నేను మొత్తం కక్కేశా.

అది దీపం వత్తి ఎగదోసింది. తర్వాత, అరగదీసింది నేను కదా, నా పేరు చెప్పు, చదువురాని ముండ చేసిందంటే అందరూ ఊరుకుంటారు అంది. నీ పేరెందుకు, కలపమన్నది నేను, పోసింది నేను, పంపింది నేను అన్నా. మరి పది రోజులు నోరెందుకు కట్టేసుకున్నావు, ఆ పిల్ల చేతులు చూశావా, సీసాలు కడిగే సోడా నీళ్ళకి ఎట్లా పగిలాయో అని తిట్టింది. తిట్టాల్సిందే.

రాఘవమ్మ పీట తెచ్చి వంటింట్లో మా పక్కన వేసి ప్రమీలని పిలిచింది. పిల్ల గుమ్మం దగ్గర ఆగింది. కాళ్ళు కడుక్కున్నావుగా, రా, చారు చల్లారిపోతోంది అంది.

20 ఆగస్టు, బుధవారం, హైదరాబాదు

ప్రమీలతో కలిసి బస్సెక్కా. నాకు భారతిని చూడాలని ఉందని చెప్పా. నా సంచిలో 1975 డైరీ, ఒక చిల్లగింజ, చిన్న సాన. సూర్యాపేటలో పిల్ల నాకు ఇడ్లీ కొనిపెట్టింది. 

భారతి ఇంట్లోనే చెప్పా. ప్రమీల కూడా ఉండగానే చెప్పా. నిలబడి చెప్పా.

చెప్పడం అయ్యాక భారతి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. అల్లుడు లేవబోతే నేనే వద్దన్నా. తిరిగొచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉంది. చేతిలో పెన్ను, కాగితం. పోలీసులకంటే ఎక్కువ అడిగింది. ఏ తపేలా? ఇత్తడా, స్టీలా? ఎంత నీళ్ళకి ఎన్ని గింజలు? ఎంతసేపు ఉంచారు? గుడ్డతో వడకట్టారా? లేదమ్మా, పైతేటే వంచా అన్నా. డైరీ తీసిచ్చా. ఒక్కొక్క తారీఖు చదివి తన పుస్తకంలో ఉన్నవాటితో సరిచూసుకుంది. మొత్తం సరిపోయాయి. ఎండాకాలంలో తేడా లేదు, ఈ మూడు నెలలే తేడా.

మరి తేట నీళ్ళు వస్తే నీకు అనుమానం రాలేదా తల్లీ అన్నా. నా దాకా వచ్చేసరికి మూడు ఊళ్ళ నీళ్ళూ ఇశ్రాయేలు మందు కలిపి, బాగా గిలక్కొట్టి, వడకట్టి ఇచ్చేవాడు నాన్నా, నాకు అన్నీ తేటగానే ఉండేవి అంది. నేను ఒక్కసారి వచ్చి చూడాల్సింది, నాన్నే కదా పడుతున్నాడు అనుకున్నా అంది. 

అప్పుడు ప్రమీల. ఇంతసేపూ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కోప్పడుతుందనుకున్నా. కోప్పడితే బాగుండేది. తాతయ్యగారూ, అయితే నా చేతులు మంచివేనాండీ అంది.

బంగారం లాంటివి తల్లీ అన్నా. 

21 ఆగస్టు, హైదరాబాదు

లాబ్‌కి తీసుకెళ్ళారు నన్ను! తెల్లకోటు కూడా తొడిగారు, మోకాళ్ళ కిందకొచ్చింది. ముక్త్యాల నీళ్ళు రెండు భాగాలు చేశారు. ఒకటి బురదతో అట్లాగే ఉంచారు. రెండోదాంట్లో నా చేత చిల్లగింజ వేయించారు. ఇంటి దగ్గర ఎట్లా చేశారో అట్లాగే చెయ్యాలి నాన్నా, బాగా చెయ్యాలని చూడొద్దు అంది భారతి. సాన మీద అరగదీస్తుంటే పక్క గదుల నించి కుర్రాళ్ళు వచ్చి చూశారు.

ఇశ్రాయేలుని అడిగా, నువ్వు వడకట్టేటప్పుడు వేదాద్రి సీసా తేటగా ఉండటం చూళ్ళేదా బాబూ అని. చూశానండీ అయ్యగారూ, మీ స్వామి మహిమ అనుకున్నానండీ, మా మతం కాదు కదా మనకెందుకులే అని ఊరుకున్నానండీ అన్నాడు.

22 ఆగస్టు

గాజు పళ్ళేలు చూపించారు. మీగడ పొరలా బాక్టీరియా. దాంట్లో ఫేజు తిన్నచోటల్లా గుండ్రటి చిల్లు. బురద నీళ్ళ పళ్ళెంలో జల్లెడలాగా చిల్లులే చిల్లులు. చిల్లగింజ నీళ్ళ పళ్ళెంలో తొమ్మిది. నేనే లెక్కపెట్టా.

బురదతో పాటు ఫేజులు కూడా అడుగుకి దిగిపోయాయి. అడుగు బురద తీసి గిలక్కొట్టి చూస్తే అన్నీ అక్కడే ఉన్నాయి. ప్రమీల ఆ పళ్ళెం కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టి చూసింది. మేడం, ఇవి మట్టిని పట్టుకుని ప్రయాణం చేస్తున్నాయి, నదిలో కాదు మనం వెతకాల్సింది, మట్టిలో అంది. ఇద్దరూ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు. నన్ను మర్చిపోయారు. హమ్మయ్య అనుకుని ఒక మూల స్టూలు మీద కూర్చున్నా.

9 నవంబరు, ఆదివారం

తప్పు ఒప్పుకుంటూ భారతి రాసింది అచ్చుకి తీసుకున్నారు. రెండే పేజీలు. కింద నా పేరు. బ్రహ్మయ్య, జగ్గయ్యపేట, తన డైరీ ఇచ్చినందుకు కృతజ్ఞతలు అని ఉందట. తప్పు చేసినందుకు అని రాయలేదేం అని అడిగా. అది మొదటి పేజీలోనే ఉంది నాన్నా, నా పేరు మీద అంది. నీళ్ళు నేను పంపితే తప్పు తన పేరు మీద ఎందుకు? పేపరు మీద ఎవరి పేరుంటే వాళ్ళదేనట. వాళ్ళ పద్ధతి. నాకు ఈ పద్ధతి నచ్చలేదు.

14 డిసెంబరు, ఆదివారం

నిన్న కాపీలు వచ్చాయి. కార్డు పంపిన అందరికీ, అడగకుండానే, ఈ రెండు పేజీలు పంపుతున్నా. రోజుకి నాలుగు కవర్లు. అడ్రసులు మునుపటికంటే గుండ్రంగా వస్తున్నాయి.

18 జనవరి 1981

జపాను నించి జవాబు. మర్యాదగానే రాశారు. కానీ మాట్లాడేవాళ్ళ లిస్టులో భారతి పేరు తీసేశారు. సభలో ఆ విషయమే ఇప్పుడు లేదు కదా, మరి.

భారతి రాసింది, బాధపడకు నాన్నా, విమానమంటే నాకు ఎట్లాగూ భయం అని. అబద్ధం. నాలుగో తరగతిలో తుమ్మచెట్టు కొసన కూర్చునేది, దిగమన్నా దిగేది కాదు.



3 అక్టోబరు 1982

మట్టి సంగతి మీద ప్రమీలా భారతీ వేసిన కొత్త పేపరు చదివి, ఈజిప్టు ఆయన తనూ ఒక పేపరు రాసి పంపాడు. వాళ్ళ నది బురదలోనూ ఫేజులు మట్టిని పట్టుకునే ఉన్నాయట. మొదట్లోనే పేర్లు చెప్పాడు. ప్రమీలారాణి, భారతీదేవి. ప్రమీల పేరే ముందు!

ఎండు చిల్లగింజలు కొన్ని పంపగలరా అని కూడా అడిగాడు. రాఘవమ్మ శేరు గింజలు మూట కట్టింది. అంత ఎందుకే అంటే, ఆయనకి పిల్లలుంటారుగా, తాగే నీళ్ళలోకి అంది.

17 ఏప్రిల్ 1983, ఆదివారం

మా ప్రమీల డాక్టరయింది! నిన్న మధ్యాన్నం. ముగ్గురు పెద్దవాళ్ళు మూడు గంటలు అడిగితే ఒక్క చోట తడబడలేదట. స్కాలర్‌షిప్పు ఆగిపోయాక పద్దెనిమిది నెలలు ట్యూషన్లు చెప్పుకుంటూ చేసింది నా తల్లి.

చెప్పాల్సిన చుట్టాలు:

బసవమ్మక్క, నందిగామ. స్వామి మహిమ కాదు, నా తెలివితక్కువతనమని ముందు చెప్పి, తర్వాత డిగ్రీ సంగతి. వరస తప్పకూడదు.

రాఘవమ్మ తమ్ముళ్ళిద్దరికీ. చెరో కార్డు.

అల్లుడి అమ్మా నాన్నా. జపాను ఎందుకు తప్పిందో ఇంకా వాళ్ళకి సరిగ్గా తెలీదు. కోడలి తప్పు కాదని రాయాలి.

సాంబయ్య. చుట్టం కాదు, అయినా వినకపోతే అలుగుతాడు.

ఇశ్రాయేలుకి తెలుసు.

లూర్దమ్మ చెల్లెమ్మ, నూజివీడు. డిగ్రీ వచ్చిందని ప్రమీల చెప్పే ఉంటుంది. ఎందుకు ఆలస్యమైందో ఆ పిల్ల చచ్చినా చెప్పదు. కార్డు కాదు. రేపు పొద్దుటి బస్సు.